పెరటి కలుపుకు పొలం మందా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటితోటల్లో కలుపు మందుల మాట ఎత్తగానే చర్చంతా గ్లైఫోసేట్ అనే కలుపు మందుతో క్యాన్సర్ వస్తుందా, రాదా అన్న దగ్గరే ఆగిపోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న వర్గంలో చేర్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మాత్రం ఆ అవకాశం లేదంటోంది. ఐరోపా సమాఖ్య 2023లో మరో పదేళ్లు అనుమతి పొడిగించింది. ఈ తగవు ఇప్పట్లో తేలేలా లేదు. అది తేలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. ఎందుకంటే ఇంట్లో ప్రమాదం సీసా మూత తిప్పే దగ్గరే మొదలవుతుంది.

ఈ మందుల్లో చాలావాటిని తయారుచేసింది పొలాల కోసం. మోతాదు కూడా ఎకరాకో, హెక్టారుకో రాస్తారు. హెక్టారుకు రెండున్నర లీటర్లు అని ఉందనుకుందాం. పది చదరపు మీటర్ల పెరటికి లెక్క కడితే రెండున్నర మిల్లీలీటర్లు, అంటే అర చెంచా. ఆ లెక్క ఎవరు కడతారు? మూతతో వంచి బకెట్‌లో పోస్తారు, 'గట్టిగా పనిచెయ్యాలి' అని ఇంకో మూత కలుపుతారు. చేతికి తొడుగు ఉండదు, కళ్లకు అద్దాలుండవు, కాళ్లకు హవాయి చెప్పులు. చిక్కటి మందును నీళ్లలో కలిపేటప్పుడే చర్మం మీద, కళ్లలో పడే ముప్పు ఎక్కువ. చల్లేటప్పుడు ఎలాగూ జాగ్రత్తగా ఉంటాంలే అనుకునేవాళ్లు కలిపేటప్పుడు ఉండరు.

గాలి సంగతి మరొకటి. 2,4-డి రకం మందులు గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకు మొక్కల మీద పనిచేస్తాయి. టమాటా దానికి మహా సున్నితం. పక్కింటివాళ్లు పచ్చిక మీద చల్లిన తుంపర గోడ దాటి వచ్చినా చాలు, కొత్త ఆకులు సన్నబడి, మెలికలు తిరిగి ముడుచుకుపోతాయి. పెంచినవాళ్లేమో తెగులు అనుకుని దానికి ఇంకో మందు కొట్టడం మొదలుపెడతారు.

పారాక్వాట్ అనే మరో కలుపు మందు గురించి వేరే చెప్పాలి. దీనికి విరుగుడు లేదు. కొద్దిగా మింగినా ఊపిరితిత్తులు పాడై ప్రాణం పోవచ్చు. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచీ దీనికి అనుమతి లేదు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెడితే, దాహమేసి ఎవరో తాగేశారన్న మరణాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. అందుకే చాలాచోట్ల దానికి నీలి రంగు, దుర్వాసన, వాంతి తెప్పించే పదార్థం కలుపుతున్నారు. అన్ని కట్టుదిట్టాలు అవసరమైన సరుకుకు పిల్లలు తిరిగే ఇంట్లో ఏం పని? పైగా అది తగిలిన పచ్చదనాన్నే మాడుస్తుంది. తుంగ మీద కొడితే పైన ఎండుతుంది, కింద గడ్డలు మళ్లీ మొలకెత్తుతాయి.

పెరట్లో కలుపు ఎంతని? తడి నేలలో, గింజ పట్టకముందే వేళ్లతో పీకేస్తే పోతుంది. ఖాళీ నేల మీద ఎండుటాకులు మందంగా పరిస్తే కొత్తది పెద్దగా మొలవదు. తుంగకు మాత్రం గడ్డలు తవ్వి తీసే ఓపిక కావాలి. ఉప్పు చల్లమనే చిట్కా నమ్మకండి, నేలే పాడవుతుంది.

ఒక్క గ్లైఫోసేట్‌ను ఆపితే సరిపోతుందనీ నేననను. అమెరికాలో బేయర్ కంపెనీ 2023 నుంచి ఇంటి అవసరాల సరుకులో గ్లైఫోసేట్ తీసేస్తామని ప్రకటించింది. భద్రత గురించి కాదు, కోర్టు కేసుల బెడద తగ్గించుకోవడానికేనని తనే చెప్పుకుంది. ఆ చోటులోకి వేరే రసాయనాలు వచ్చాయి. ఫ్రాన్స్ దారి నాకు నచ్చింది. 2019 జనవరి నుంచి అక్కడ ఇంటితోటలవాళ్లకు రసాయన పురుగుమందులు, కలుపు మందులు అమ్మడం లేదు. వాడకానికి శిక్షణ పొందినవాళ్లకే అవి దొరుకుతాయి.

అంత దూరం ఒకేసారి వెళ్లలేమంటే, ముందుగా చిక్కటి మందును ఇళ్లకు అమ్మడం ఆపాలి. అమ్మే ఆ కాస్త మందూ ముందే పలచన చేసి, పిల్లలు తిప్పలేని మూతతో, చిన్న సీసాల్లో రావాలి. మోతాదు చదరపు మీటరుకు ఎంతో, భూతద్దం అక్కర్లేని అక్షరాల్లో, కొనేవాళ్లు చదవగలిగే భాషలో రాయాలి. వీటిలో ఏ ఒక్కటీ క్యాన్సర్ మీద ఏకాభిప్రాయం కుదిరేదాకా ఆగాల్సింది కాదు.

– ఇంటితోట పెంచే ఒక పాఠకురాలు