పిండి తగ్గించమన్నారు సరే, పీచేం చేసింది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ హెల్త్ పేజీలో లో కార్బ్ (పిండి పదార్థాలు, అంటే కార్బ్స్, తగ్గించే తిండి) గురించి రాసినాయన పీచు కూడా కార్బే, దాంతో పన్లేదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు, చదివి ఉండబట్టలేక రాస్తున్నా. లెక్కకి కార్బే గానీ దాన్ని అరిగించే ఎంజైములు మనకి లేవు కదండీ, అన్నంలాగా షుగర్ పెంచదు. పెద్దపేగులో బ్యాక్టీరియా కొంత తిని బ్యుటిరేట్ లాంటివి తయారుచేస్తుంది, పేగు గోడకి అదే తిండి. అమెరికాలో మా తమ్ముడైతే ప్యాకెట్ మీద టోటల్ కార్బ్స్‌లోంచి ఫైబర్, అంటే ఈ పీచు, తీసేసే లెక్కేసుకుంటాడు.

నాకు షుగర్ వచ్చాక అన్నం, ఇడ్లీ మానేసి గుడ్లు, చికెన్, పనీర్ మీద పడ్డా. షుగర్ తగ్గింది, కాదనను. కానీ మూడో వారానికల్లా పొద్దున్నే బాత్రూమ్‌లో కూర్చుని పేపరంతా (మీదే) చదివేసినా పని అయ్యేది కాదు. ఎవరో చెప్పారని ఇసబ్‌గోల్ (అదీ పీచు పొట్టే) రెండు చెంచాలు అర గ్లాసు నీళ్ళలో కలిపి ఫోన్ మాట్లాడొచ్చేసరికి గ్లాసులో చెంచా నిలబడింది, డబ్బులు పోసి కొన్నది పారబోయడమెందుకని ఆ జిగురు ముద్దే మింగా, ఇంకా బిగుసుకుపోయింది. నీళ్ళు చాలకపోతే పీచే అడ్డం పడుతుందట, డాక్టర్ గారు నవ్వి చెప్పారు.

ఇప్పుడు మా ఆవిడ గోరుచిక్కుడు, తోటకూర, వంకాయ ఏదో ఒకటి అన్నం పెట్టినంత పెడుతుంది, పైన అవిసె గింజల కారప్పొడి. అవిసెలు 100 గ్రాముల్లో 27 గ్రాముల దాకా పీచే, అరిగే పిండి నామమాత్రం. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో చెప్పింది, అన్నం పప్పు మానేసినోడికి కూరలు లేకపోతే అది ఎక్కణ్ణుంచి వస్తుంది? మెంతులు షుగర్ తగ్గిస్తాయా అని మన హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు ఎప్పుడో పరిశోధన చేశారు, వాటిలోనూ ఉన్నది బోలెడు పీచే.

అందరికీ పడుతుందనీ అనను. సింగపూర్‌లో 63 మంది మలబద్ధకం వాళ్ళ మీద చేసిన స్టడీ 2012లో వచ్చింది, పీచు మానేసినవాళ్ళకే నయమైంది. కానీ వాళ్ళు అప్పటికే పీచు బాగా తింటున్నవాళ్ళు, నాలాగా కోడిగుడ్ల మీద బతుకుతున్నవాళ్ళు కాదు.

ఈసారి ఆ పేజీలో డైట్ చార్ట్ వేసేటప్పుడు గుడ్ల పక్కన ఏ కూర ఎంత తినాలో, నీళ్ళెన్ని తాగాలో కూడా వేయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి