కొండ చూపించారు సరే, మొక్కలేవీ?

విశాఖపట్నం,
5 ఆగస్టు 2024

టూర్ కంపెనీ మేనేజర్ గారికి,
ద్వారకానగర్ బ్రాంచి, విశాఖపట్నం.

విషయం: అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఒకరోజు యాత్ర – చెప్పినవి చూపించకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

జూలైలో మీ పన్నెండు రోజుల అమెరికా గ్రూప్ టూర్‌కి మేమిద్దరం, అంటే నేనూ మా ఆవిడా, వచ్చాం. టూర్ మొత్తం మీద నాకు పెద్ద పేచీ ఏమీ లేదు. గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తామన్నారు, చూపించారు. పొద్దున్నే ఇడ్లీ పెడతామన్నారు, ఎక్కడెక్కడో తిప్పలు పడి పెట్టారు. ఈ ఉత్తరం జూలై 13, శనివారం ఒక్కరోజు గురించే. ఆ రోజుకు టూర్ డబ్బులు కాక విడిగా, మనిషికి 18,500 చొప్పున ఇద్దరికీ 37,000 రూపాయలు కట్టాను. రసీదు జతపరిచాను.

నేను ముప్పై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ బ్రోషర్‌లో నాలుగో పేజీ చూసే ఈ టూర్‌కి ఒప్పుకున్నాను. లేకపోతే లాస్ వేగాస్‌తో నాకేం పని? ఆ పేజీలో మూడు మాటలున్నాయి: జాన్‌స్టన్ రిడ్జ్ అబ్జర్వేటరీ (కొండకి ఎదురు గట్టు మీది సందర్శకుల కేంద్రం) నుంచి క్రేటర్ (అగ్నిపర్వతం నోరు) దర్శనం, హమ్మక్స్ ట్రయిల్‌లో గైడ్‌తో నడక, 'బూడిదలోంచి లేచిన అడవి' గురించి వివరణ. ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు.

మొదటిది జరిగే అవకాశమే లేదు. ఆ రిడ్జ్‌కి వెళ్లే రోడ్డు 2023 మే నెలలో కొండచరియ విరిగిపడి తెగిపోయింది, వంతెన కూడా పోయింది. అప్పట్నుంచి అబ్జర్వేటరీ మూసే ఉంది. మీరు నా దగ్గర డబ్బు కట్టించుకున్నది 2024 మార్చిలో, అంటే పది నెలల తర్వాత. ఈ సంగతి మీ వాళ్లెవరికీ తెలియదంటే నేను నమ్మను. తెలిసి చెప్పలేదంటే అది ఇంకా పెద్ద తప్పు. నాకు ఈ కబురు ఎప్పుడు తెలిసిందంటే, బస్సులో, సియాటిల్ దాటి రెండు గంటలు ప్రయాణం చేశాక. పక్క సీట్లో ఆయన ఫోన్‌లో మ్యాప్ పెట్టి 'మేస్టారూ, ఇక్కడ రోడ్డు మూసేశారంటోందేంటి?' అని అడిగితే.

ఇక ఆ రోజు ఎలా గడిచిందో చెప్తాను. ఏడింటికి బయల్దేరతామన్న బస్సు ఎనిమిదీ నలభైకి కదిలింది. దారిలో ఒక అవుట్‌లెట్ మాల్ దగ్గర 'ఇరవై నిమిషాల టాయిలెట్ బ్రేక్' అన్నారు. గంటా నలభై నిమిషాలు పట్టింది. మా ఆవిడ కూడా అక్కడ రెండు హ్యాండ్‌బ్యాగులు కొన్న మాట నిజమే. దాన్ని మీ తరఫు సాక్ష్యంగా వాడుకోకండి, ఆవిడ కూడా ఈ ఉత్తరం మీద సంతకం పెడుతోంది. తర్వాత ఎల్క్ రాక్ వ్యూపాయింట్ దగ్గర ఫొటోలు. కోల్డ్‌వాటర్ సరస్సు దగ్గర పులిహోర ప్యాకెట్లు. చివరికి హమ్మక్స్ ట్రయిల్ మొదట్లో బస్సు ఆపారు. ఆ బాట చుట్టి రావాలంటే రెండున్నర మైళ్లకు కాస్త తక్కువ. మాకిచ్చింది పన్నెండు నిమిషాలు. వాచీ చూసుకునే చెప్తున్నాను.

ఇప్పుడు మీ గైడ్ గురించి. అబ్బాయి మంచివాడే, ఓపిక ఉంది, అందరి సూట్‌కేసులూ తనే ఎత్తాడు. కానీ అతను గైడ్ కాడు, టూర్ మేనేజర్. అగ్నిపర్వతం గురించి అతనికి మా బస్సులో పిల్లలకు తెలిసినంత కూడా తెలియదు. కోల్డ్‌వాటర్ సరస్సు చూపించి 'వేల ఏళ్ల నాటి సరస్సు' అన్నాడు. ఆ సరస్సు 1980లో పుట్టింది! మే 18 ఆదివారం పొద్దున్న 8 గంటల 32 నిమిషాలకు భూకంపం వచ్చి, కొండ ఉత్తరపు పక్క మొత్తం జారిపోయింది. చరిత్రలో నమోదైన కొండచరియల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. ఆ మట్టీ రాళ్లూ వచ్చి కోల్డ్‌వాటర్ వాగుకి అడ్డంపడితే వెనక నీళ్లు నిలిచి సరస్సయింది. నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది.

'కొండకి పైన శిఖరం లేదేంటి బాబూ?' అని ఒక పెద్దావిడ అడిగింది. 'లావా అంతా బయటికొచ్చి ఖాళీ అయిపోయిందమ్మా' అన్నాడు. అది కాదు కదా. కుక్కర్ మూత ఒక పక్కకి జారితే ఆవిరి ఆ పక్కకే చిమ్ముతుంది. అక్కడ జరిగిందీ అదే. పక్క జారగానే లోపల అణిగి ఉన్నది ముందు పైకి కాక ఉత్తరానికి అడ్డంగా పేలింది. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులకు దిగింది. దాదాపు 230 చదరపు మైళ్ల అడవి పడిపోయింది, మాడిపోయింది. 57 మంది పోయారు. వాళ్లలో ఒకరు డేవిడ్ జాన్‌స్టన్, కొండను కనిపెట్టుకుని ఉన్న ముప్పై ఏళ్ల శాస్త్రవేత్త. మీ బ్రోషర్‌లో ఉన్న రిడ్జ్‌కి ఆయన పేరే పెట్టారు. ఆయన పేరు బస్సులో ఎవరి నోటా రాలేదు. 'ఇక ఇది చచ్చిన అగ్నిపర్వతం, భయం లేదు' అని మాత్రం మైకులో వినిపించింది. 2004 నుంచి 2008 దాకా క్రేటర్‌లో లావా ఊరి కొత్త గుబ్బ లేచింది. చచ్చిన కొండ అలా చేయదు. నేను లేచి ఈ మాట చెప్తే, 'మేస్టారూ, ఇక్కడ కూడా క్లాసు పెట్టేస్తారా?' అని నవ్వించాడు. నేనూ నవ్వాను. కానీ క్లాసు కోసమే కదా నేను డబ్బు కట్టింది.

ఆ పన్నెండు నిమిషాల్లో ఏం చూశానో కూడా రాస్తాను, మీరేం చూపించకుండా వదిలేశారో మీకు తెలియాలి కాబట్టి. హమ్మక్స్ అంటే దిబ్బలు. భీమిలి దారిలో మన ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లు ఇసుక పేరుకుని అయ్యాయి. ఇవి నిమిషాల్లో వచ్చిపడ్డాయి. అవి కొండ ముక్కలు, అంటే మేం పాదం పెట్టిన చోటు ఒకప్పుడు ఆ కొండ పైభాగం. వాటి మధ్య చిన్న చిన్న చెరువులు, చుట్టూ ఆల్డర్ చెట్లు. కారు పార్కింగ్ అంచున కంకరలో ఒక లుపైన్ మొక్క కనిపించింది. మోకాళ్లు నొప్పెట్టినా కూర్చున్నాను. అరచెయ్యి విప్పినట్టు ఆకు, ఆకు మీద వెండి నూగు. కింది పూలు అప్పటికే కాయలయ్యాయి. జనుము కాయల్లా కాదు, పల్చగా, నూగు పట్టి ఉన్నాయి. పైన ఇంకా ఊదాపూలు, ఒక తుమ్మెద వాటి మీదే తిరుగుతోంది.

వరి నాటే ముందు మన రైతులు జనుము, జీలుగ ఎందుకు చల్లుతారో మీకు తెలిసే ఉంటుంది. వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తుంది. లుపైన్ కూడా ఆ కుటుంబమే. పేలుడు తర్వాత మట్టే లేని తెల్లటి ప్యూమిస్ (నురగలా తేలికైన అగ్నిపర్వతపు రాయి) మైదానంలో ముందుగా నిలదొక్కుకున్నది ఈ జాతిలో ఒక చిన్న మొక్క, ప్రెయిరీ లుపైన్. అది చచ్చి ఎరువైతేనే వెనకొచ్చిన మొక్కలకు తిండి దొరికింది. భూమిలోపల బొరియల్లో బతికి బయటపడ్డ గోఫర్లు, మన పందికొక్కుల్లాంటివి, బూడిద కింది పాత మట్టిని పైకి తవ్విపోశాయి. ఇదీ నేను వినాలనుకున్న కథ. నేను చూసిన మొక్క ఆ ప్రెయిరీ లుపైనా, దాని అక్కా అని ఆకులు లెక్కపెట్టి తేల్చుకునే లోపు విజిల్ ఊదేశారు.

తిరిగొచ్చాక మీ ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి మాట్లాడిన అమ్మాయి, 'సార్, కొండ కనిపించిందా లేదా?' అని అడిగింది. కనిపించింది. ఆ రోజు మబ్బు కూడా లేదు. మబ్బు పట్టి ఉంటే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు, వాతావరణానికి మీరు బాధ్యులు కాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అదీ ఆదివారమే. మర్నాడు మా మేడ మీంచి చూస్తే కైలాసగిరి మీద ఒక్క ఆకు లేదు, కొండ మొత్తం కాల్చినట్టు గోధుమరంగులో ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కాలేజీ తెరిచాక పిల్లల్ని తీసుకుని కంబాలకొండ వైపు వెళ్లాను. ఒక్కొక్కరికి ఒక్కో విరిగిన చెట్టు ఇచ్చి, ఎక్కడ చిగురు వస్తుందో వారం వారం రాయమన్నాను. ఆ నోటు పుస్తకాలు కొన్ని ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. ఆ చెట్లకు మొదళ్లూ వేళ్లూ మిగిలాయి, మట్టి మిగిలింది. మట్టి కూడా మిగలని చోట ఏమవుతుందో పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పానే గానీ కళ్లతో చూడలేదు. అందుకు వచ్చాను. కొండ ఫొటో అయితే మా మనవడి ఫోన్‌లో వంద దొరుకుతాయి.

నేను అడిగేవి ఎక్కువేం కాదు. బస్సు తిరిగింది, తిండి పెట్టారు, కాబట్టి మొత్తం డబ్బు అడగను. సగం, 18,500 రూపాయలు, నా బ్యాంకు ఖాతాకు వెనక్కి పంపండి. మూసి ఉన్న అబ్జర్వేటరీ ఫొటోను బ్రోషర్‌లోంచీ మీ ఆఫీసు గోడ మీంచీ తీసేయండి. నిన్న దాటుతూ చూస్తే ఇంకా ఉంది. ఈ యాత్ర మళ్లీ వేస్తే మాల్ ఆపేసి ఆ గంటా నలభై నిమిషాలూ హమ్మక్స్‌కి ఇవ్వండి. అక్కడి సంగతులు తెలిసిన స్థానిక గైడ్‌ని పెట్టండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, నాకు తీరికకు లోటు లేదు.

జత చేసినవి: డబ్బు కట్టిన రసీదు, బ్రోషర్ నాలుగో పేజీ, ఆ రోజు తీసిన ఫొటోలు ఆరు. లుపైన్ ఫొటో కొంచెం కదిలింది, విజిల్ మోగినప్పుడు తీసింది.

ఇట్లు,
మీ టూర్‌లో 11, 12 సీట్ల దంపతులు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.