పద్నాలుగు నెలలుగా నా ఫోన్ ఎత్తని కంపెనీకి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: కరీబియన్ దీవి గ్రెనడాలో మేము కొన్న అపార్ట్‌మెంట్, జవాబు రాని నా ఉత్తరాలు

అయ్యా,

ఇది మీ కంపెనీకి నేను రాస్తున్న పదిహేడో ఉత్తరం. ముందటి పదహారూ ఇంగ్లీషులో, మెయిల్లో పంపాను. వాటిలో ఒక్కదాన్నయినా పూర్తిగా చదివిన మనిషి మీ దగ్గర ఉండి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. మాకు ఇల్లు అమ్మినప్పుడు మీవాళ్ళు మాట్లాడింది తెలుగులోనే. విజయవాడలో మా ఇంటికొచ్చి, మా ఆవిడ వేసిచ్చిన పెసరట్టు తింటూ, "ఇకనుంచి మనమంతా ఒక కుటుంబం అంకుల్" అన్నదీ తెలుగులోనే. అందుకే ఈసారి తెలుగులో రాసి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

బాల్కనీ తలుపు కిందనుంచి వాన నీళ్ళు లోపలికి వస్తున్న సంగతి, ఏసీ సంగతి ఇక్కడ మళ్ళీ రాయను. అవి బాగుచేస్తే బాగయ్యేవి. ముప్పై నాలుగేళ్ళు విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్ణి, వస్తువు చెడిపోవడం నాకు కొత్త కాదు. అడిగిన మనిషికి బదులే చెప్పకపోవడం మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

మీ ఫైల్లో నేనొక యూనిట్ నంబరునే కాబట్టి, ఎవరితో మాట్లాడుతున్నారో చెబుతాను. మా అమ్మాయి డాక్టరీ మొదటి రెండేళ్ళు గ్రెనడాలో, ట్రూ బ్లూ క్యాంపస్‌లో చదివింది. 2023 జనవరిలో దాన్ని చూడ్డానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. అక్కడి రాజధాని సెయింట్ జార్జెస్ మార్కెట్లో ఒక ముసలమ్మ పచ్చి జాజికాయ పగలగొట్టి చూపించింది. లోపల గింజ చుట్టూ జాపత్రి ఎర్రగా, తడిగా, వలలాగా అల్లుకుని ఉంది. బిర్యానీలో వేసే ఆ ఎండు ముక్క అసలు రూపం అదని మా ఆవిడకు ఆరోజే తెలిసింది. ఆ దేశం జెండా మీద కూడా జాజికాయే. క్యాంపస్ చుట్టుపక్కల అద్దె గది కోసం పిల్లలు తిరగడం, అందులో మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉండడం కళ్ళారా చూశాం. అక్కడ ఒక చిన్న ఇల్లుంటే మన పిల్లలకు నీడ, మాకు నెలనెలా నాలుగు డాలర్లు అనుకున్నాం.

పాస్‌పోర్టు కోసం కొన్నవాళ్ళం కాదు మేము. పెట్టుబడి పెడితే అక్కడ పౌరసత్వం ఇస్తారని మీ సేల్స్ అబ్బాయి పదేపదే చెబుతుంటే, అది తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది బాబూ, మాకు వద్దని నేనే చెప్పాను. 2004లో ఇవాన్ తుపాను ఆ దీవిలో తొంభై శాతం ఇళ్ళను దెబ్బతీసిందని చదివి, తెలిసే కొన్నాను. కంకిపాడు దగ్గర మా ఆవిడకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చిన స్థలం అమ్మి, విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఏ2 ఫారం నింపి, ఏడు లక్షలు దాటిన సొమ్ముకు 20 శాతం టీసీఎస్ (బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కట్టి, 2024 జనవరిలో మీకు లక్షా ఇరవై వేల డాలర్లు పంపాను. విదేశీయులు అక్కడ ఆస్తి కొనాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి, దాని ఫీజు ఆస్తి విలువలో పది శాతం అని ఇంకో 12,000 డాలర్లు విడిగా తీసుకున్నారు. డబ్బు చేరేదాకా మీవాడు రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. చేరిన రోజు రాత్రి పూలగుత్తి బొమ్మ పంపాడు. అదే ఆఖరు.

ఏప్రిల్లో ఇల్లు అప్పజెప్పినట్టు ఒక కాగితం వచ్చింది. రిజిస్టరైన దస్తావేజు ఏదని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. మే నెలలో మళ్ళీ ఫోన్ చేస్తే ఆ అబ్బాయి మానేశాడన్నారు. అతని స్థానంలో వచ్చిన అమ్మాయి నా సంగతి మొదటినుంచి చెప్పమంది, చెప్పాను. టికెట్ నంబరు ఇచ్చింది. రెండు వారాలాగి ఆ నంబరు చెబితే, ఆ టికెట్ "పరిష్కారమైంది" అని మూసేశారట! ఏం పరిష్కరించారమ్మా అంటే, "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది సార్" అంది. కొత్త టికెట్ ఇచ్చింది. ఇప్పటికి అలాంటివి తొమ్మిది నా డైరీలో ఉన్నాయి. తొమ్మిదీ పరిష్కారమైనవే.

హైదరాబాద్ ఆఫీసు అమ్మకాలే చూస్తుందని మయామీ నంబరు ఇచ్చారు. మయామీ వాళ్ళు అది గ్రెనడా ఆఫీసు పని అన్నారు. గ్రెనడా ఆఫీసు ఉదయం తొమ్మిదికి తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర. పూజ గదిలో దీపం పెట్టే వేళకు నేను ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇరవై నిమిషాలు పాట, మధ్యమధ్య "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే రికార్డు. ముఖ్యమైతే ఎందుకు ఎత్తరు? ఎత్తినరోజు సెలవు మాట చెప్పేవారు. ఆగస్టులో కార్నివాల్ అన్నారు, అక్టోబరు 25న థాంక్స్‌గివింగ్ అన్నారు, ఫిబ్రవరి 7న స్వాతంత్ర్య దినం అన్నారు. సెలవు మర్నాడైనా తిరిగి ఫోన్ చేసినవాళ్ళు లేరు. చివరికి ఆ ఆఫీసతను, కొనుగోలుదారుల సంగతి హైదరాబాద్ వాళ్ళే చూస్తారని చెప్పి పెట్టేశాడు.

తర్వాత అన్నిటికీ బెరిల్ తుపానే కారణమన్నారు. బెరిల్ 2024 జూలై 1న గ్రెనడా దేశంలోనిదే అయిన కారియకూ అనే చిన్న దీవి మీద విరుచుకుపడింది. అక్కడివాళ్ళు సర్వం కోల్పోయారు, వాళ్ళను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ మన భవనం ఉన్నది కారియకూలో కాదు, పెద్ద దీవికి దక్షిణాన, గ్రాండ్ ఆన్స్ దగ్గర. జూలై 3న మా అమ్మాయి జూనియర్ ఒకమ్మాయి అక్కడినుంచి ఫొటోలు పంపింది. గేటు ముందు ఒక కొబ్బరిమట్ట పడి ఉంది, అంతే. ఏప్రిల్లో రావలసిన దస్తావేజుకు జూలై తుపాను ఎలా అడ్డమొచ్చిందో చెప్పండి. ఆ పేద మనుషుల కష్టాన్ని మీరు సాకుగా వాడుకోవడం నాకు మరీ బాధగా ఉంది.

తుపాను గురించి నాకు చెప్పకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మమ్మల్ని విశాఖ పంపారు. కూలిన స్తంభాల మధ్య పదకొండు రోజులు పనిచేశాం. జనం జీపు ఆపి అడిగేవారు, తిట్టేవారు. "రేపు రాదండీ, ఎల్లుండి సాయంత్రానికి చూస్తాం" అని నిలబడి చెప్పేవాళ్ళం. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫ్యూజ్ ఆఫ్ కాల్ రాత్రి రెండింటికి వచ్చినా లేచి ఎత్తినవాణ్ణి. నెలకు వంద రూపాయల బిల్లు కట్టే మనిషికి మేమిచ్చిన జవాబు, కోటి రూపాయలు కట్టిన మనిషికి మీరు ఇవ్వలేరా?

అద్దె ఒకే ఒక్కసారి పంపారు. నెలకు తొమ్మిది వందల డాలర్లు తగ్గదన్నది మీవాడి మాట. లెక్క కాగితంలో 950 అని ఉంది, సంతోషించాను. బ్యాంకులో చూస్తే 352 అమెరికన్ డాలర్లకు సరిపడా రూపాయలే పడ్డాయి. ఆ 950 అక్కడ చెలామణి అయ్యే తూర్పు కరీబియన్ డాలర్లు, 2.70 పెడితే ఒక అమెరికన్ డాలరు. ఏ డాలరో కాగితం మీద రాయలేదు. ఆ ఒక్క ముక్క అడగడానికి ఆరు మెయిళ్ళు పంపాను. వచ్చిన ఒకే జవాబులో వేరే ఎవరి పేరో ఉంది, ఆయన పార్కింగ్ సమస్యకు క్షమాపణ చెప్పారు. ఆయనకు నా జవాబు పంపారేమో నాకు తెలియదు. మెయింటెనెన్స్ బిల్లు మాత్రం మూడు నెలలకోసారి, తారీఖు తప్పకుండా, నా పేరు మీదే వచ్చింది.

మార్చిలో ఉదయం బస్సెక్కి మీ హైదరాబాద్ ఆఫీసుకే వచ్చాను. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక ఫారం చేతికిచ్చింది. అందులో మొదటి ప్రశ్న, మీ బడ్జెట్ ఎంత అని. కొన్నవాణ్ణమ్మా అంటే కూర్చోమంది. మూడు గంటలు కూర్చున్నాను. అద్దాల గదిలో ఒక చిన్న జంటకు మీవాడెవరో బ్రోచర్ తిప్పి చూపిస్తున్నాడు. "అద్దె గ్యారంటీ సార్, స్టూడెంట్స్ క్యూలో ఉంటారు" అన్నది నాకు వినబడింది. మా ఇంట్లో చెప్పిన మాటలే, అక్షరం పొల్లుపోకుండా. లేచి వెళ్ళి వాళ్ళకు నా డైరీ చూపిద్దామనుకున్నాను. మర్యాద అడ్డొచ్చి ఆగాను. ఇంకోసారి ఆగను.

మీకు ఇంకో ఇద్దరిని తెచ్చిపెట్టింది నేనే. ఒకరు నా పాత సహోద్యోగి, రెండోవారు మా తోడల్లుడు. నా మాట మీద కొన్నారు. మొన్న వైశాఖంలో బంధువుల పెళ్ళిలో మా తోడల్లుడు పంక్తిలో నా పక్కన కూర్చుని, మెల్లగా, "అన్నయ్యా, కాగితాలేమైనా వచ్చాయా?" అన్నాడు. ఎదురుగా మా ఆవిడ వింటోంది. చేతిలో ముద్ద నోటికి పోలేదు. అద్దె నష్టం లెక్కకడితే తేలుతుంది. ఆ పంక్తిలో పోయిన నా మాటను మీరు ఏ డాలర్లలో తెచ్చిస్తారు?

ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేసే సమయం వచ్చింది. విదేశీ ఆస్తిని అందులో చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద పది లక్షల జరిమానా. చూపిద్దామంటే అది నా పేరున రిజిస్టరైందో లేదో నాకే తెలియదు, లైసెన్సు కాగితం కంటితో చూడలేదు. దస్తావేజు నకలు, లైసెన్సు నకలు, అద్దె లెక్క మా ముగ్గురికీ పంపండి. లేదంటే మా డబ్బు మాకు పంపేయండి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత సెయింట్ జార్జెస్‌లో ఒక లాయరును పెట్టి అక్కడి రిజిస్ట్రీలో వెతికిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయవచ్చు, కట్టిన సొమ్ము యాభై లక్షలు దాటింది కాబట్టి రాష్ట్ర కమిషన్‌లోనే వేస్తాను. మీ ఆఫీసు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి జంటకూ నా డైరీ చూపిస్తాను. రిటైరైనవాణ్ణి, నాకు వేరే పని లేదు.

నా నంబరు మీ దగ్గర ఉంది. మీకు ఏ వేళ వీలైతే ఆ వేళ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

ఇట్లు,
విశ్రాంత విద్యుత్ ఇంజనీరు,
విజయవాడ