గాడర్డ్స్‌లో నాన్నగారి షష్టిపూర్తి: అందరికీ కృతజ్ఞతలు

నాన్నగారి షష్టిపూర్తి మేం అనుకున్నదానికంటే బాగా జరిగింది. సాయం చేసినవాళ్లలో చాలామంది "మా పేర్లు పెట్టకు" అన్నారు కాబట్టి, పేర్లు లేకుండానే థాంక్స్ చెబుతున్నాను.

ముందు ఇంటి సంగతి. లండన్‌కి దక్షిణాన సర్రేలో, అబింజర్ కామన్ అనే పల్లెలో ఉంది గాడర్డ్స్. మంచాలు, దుప్పట్లు, వంటసామాను, చదువుకోడానికి పుస్తకాలు అన్నీ అమర్చి, పాతకాలపు కట్టడాల్ని బాగుచేసే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థవాళ్లు అద్దెకిస్తారు. పన్నెండు మంది పడతారు. టీవీ, వైఫై లేవు, పిల్లలు మొదటిరోజు మొహాలు మాడ్చుకున్నారు. ఇంటికి ప్లాన్ గీసింది ఎడ్విన్ లట్యెన్స్, ఢిల్లీలో మన నిజాంకి హైదరాబాద్ హౌస్ డిజైన్ చేసినాయన. ఆ మాట చెప్పాకే నాన్నగారు "ఇంత ఖర్చు ఎందుకురా" అనడం మానేశారు.

1900 ప్రాంతంలో, చాలీచాలని సంపాదనతో అలిసిపోయిన ఆడవాళ్లు కొన్నాళ్లు ఉండి సేదతీరడానికని కట్టిన విడిది ఇది. 1910లో సొంతిల్లుగా మార్చి పెంచారు. ముంగిట్లో తోట డిజైన్ చేసింది గెర్ట్రూడ్ జెకిల్ అనే ఆవిడ, ఆ రోజుల్లో పేరున్న తోటల డిజైనర్. రాతి పలకల సందుల్లోంచి మొక్కలు వస్తుంటాయి, అమ్మ వాటిని తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచేది. కాఫీ రోజూ అక్కడే.

ఫంక్షన్ ముందురోజు సాయంత్రం క్యాటరింగ్ ఆయన చెయ్యిచ్చాడు. మా ఫోన్లకి సిగ్నల్ సరిగా లేదు. నా టెన్షన్ చూసి, ఇల్లు చూసుకునే ఆవిడ తన ఇంటికి తీసుకెళ్లి ల్యాండ్‌లైన్ చేతికిచ్చారు. నేను పిలిచింది క్రాయిడన్ అక్కని. "పప్పు నానబోస్తున్నా, ఫోన్ పెట్టెయ్" అంది, అంతే. పొద్దున తొమ్మిదికల్లా బావగారి కారు డిక్కీలో గారెల పిండి, పులిహోర, పాయసం, అరిటాకులతో సహా దిగాయి. పంతులుగారైతే కారులో చోటు లేక పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చారు!

భోజనాలయ్యాక నాన్నగారు పట్టుపంచె ఎగ్గట్టి, ఇంట్లోనే ఉన్న పొడవాటి స్కిటిల్స్ గదిలో చేరారు. కర్ర బంతి దొర్లించి అవతల నిలబెట్టిన కర్ర గూటాలు పడగొట్టాలి. బావగారు కావాలనే ఓడిపోయారని నా అనుమానం. దానికీ థాంక్స్ బావా.

అక్కా, నీ ఇత్తడి గిన్నెలు రెండూ మా దగ్గరే ఉన్నాయి. ఆదివారం తెచ్చిస్తాం.