వాడిన బేస్ గిటార్ కొంటున్నారా? ముందు మెడ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

వాడిన బేస్ గిటార్లకు రంగు, కంపెనీ పేరు చూసి బేరం కుదుర్చుకునేవారే ఎక్కువ. ముందు చూడాల్సింది మెడ, అంటే తీగలు సాగే పొడవాటి కర్ర భాగం. తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, మెడ ఒంటికి కలిసేచోట ఒకేసారి నొక్కిపట్టి, ఏడో, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. 0.3 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటే బాగున్నట్టే. బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) బిగించాలి, అదీ ఒక్కోసారికి పావు చుట్టుకు మించకుండా. ఆ రాడ్ నట్టు అప్పటికే చివరిదాకా బిగిసి, మెడ ఇంకా వంగే ఉంటే ఆ బేరం వదిలేయండి. అరిగిన ఫ్రెట్లు మార్పించవచ్చు గానీ, ఆ కూలి ఒక్కోసారి గిటార్ ధరనే మింగేస్తుంది.

శబ్దం పెంచే, తగ్గించే నాబ్ తిప్పుతుంటే గరగరమంటే కంగారక్కర్లేదు. చాలాసార్లు అది దుమ్మే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు తిప్పితే పోతుంది. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) మోత బొంగురుపోతే 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. కేబుల్ గుచ్చి ఉంచితే వాయించకపోయినా అది అయిపోతూనే ఉంటుంది. ఇది తెలియక ‘పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పోయింది’ అనుకుని తక్కువకే వదిలించుకునేవారూ లేకపోలేదు!

మామూలు గిటార్ ఆంప్‌తో (శబ్దం పెంచే స్పీకర్ పెట్టెతో) సరిపెట్టుకోవద్దు. బేస్‌లో అన్నిటికంటే లావైన ‘E’ తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా మంద్రంగా. అంత మంద్రమైన మోతకు చేసింది కాదు గనుక, గట్టిగా పెడితే ఆ స్పీకర్ పాడవచ్చు.

చివరగా, కూర్చుని వాయించి కొనేయకండి. బెల్టు తగిలించుకుని అరగంట నిలబడండి. తలభాగం కిందికి వాలుతుంటే ఎడమచెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది. అమ్మేవారు కూడా ప్రకటనలో బరువు, మెడ పక్కనుంచి తీసిన ఫొటో పెడితే ఇద్దరికీ తిరుగుడు తప్పుతుంది.

– ఒక పాఠకుడు