పంపులు కాదు, లీకు ఎక్కడుందో చూడండి

సంపాదకుడికి,

అయ్యా,

రేవులో కట్టి ఉంచిన మరబోటు తెల్లవారేసరికి మునిగిపోయిందన్న వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. ఆ రోజే రాయాలనుకున్నాను. విచారణ జరుగుతోందని కూడా మీరే రాశారు కాబట్టి, అది ఏమి తేలుస్తుందో చూద్దామని ఆగాను. మొన్న తేలింది. అడుగు భాగంలోకి నీరు చేరటం వల్ల బోటు మునిగిందట. అందువల్ల బోట్లన్నీ ఇకపై ఇంకా పెద్ద పంపులు బిగించుకోవాలట.

నీరు చేరితే బోటు మునుగుతుందని చెప్పటానికి విచారణ ఎందుకు? రేవులో ఆడుకునే పిల్లవాడికీ తెలిసిన సంగతి అది. ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది? అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న ప్రకటనలో ఎక్కడా లేదు. 31 ఏళ్లు బోటు డ్రైవరుగా పనిచేశాను. ఇంజను కింద నీరు చేరే ఆ ఇరుకు చోటులో, మేము బిల్జి అంటాము, మోకాళ్ల మీద ఎన్ని రాత్రులు గడిపానో లెక్క లేదు. ఆ రాత్రి బోటులో పడుకున్న ఇద్దరు కళాసీలు ఈదుకుంటూ జెట్టీ ఎక్కి బతికారు. వాళ్లకు ఈత రాకపోయి ఉంటే అన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు.

నీటిమట్టానికి ఒక అడుగు కింద అంగుళం వెడల్పున్న గొట్టం ఒకటి ఊడిందనుకోండి. నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. గంటకు రెండున్నర టన్నులు. పంపు తోడుతుంది, నిజమే. కానీ రేవులో కట్టి ఉంచిన బోటులో ఇంజను నడవదు, బ్యాటరీ మళ్లీ నిండదు. పంపు ఎంత పెద్దదైనా బ్యాటరీ అదే. అది ఏ మూడు గంటలకో దిగిపోతుంది. నీరు మాత్రం ఆగదు. పైగా ఆ పంపే లీకు కావచ్చు. దాని గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి వంచి తిప్పి బయటికి వదలాలి. అలా చేయకుండా తిన్నగా పక్కకు వదిలితే, బోటు కాస్త ఒరిగినప్పుడు బయటి నీరు అదే దారిలో వెనక్కి వస్తుంది. పంపు బిగించమని ఆదేశం ఇచ్చినవారు గొట్టం ఎలా బిగించాలో ఒక్క ముక్క రాయలేదు.

లీకు కనుక్కోవటానికి గొప్ప యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ముందు బిల్జిని పూర్తిగా తోడి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తడి బిల్జిలో లీకు వెతకటం వానలో చెమట వెతకటమే. తోడిన నీటి మీద నూనె తెట్టు లేకపోతే ఒక చుక్క నాలుకకు తాకించి చూడాలి. ఉప్పగా ఉంటే సముద్రం నీరు. చప్పగా ఉంటే వాన నీరో, తాగునీటి ట్యాంకు నీరో, చేపల గదిలో కరిగిన ఐసు నీరో అయి ఉంటుంది. ఒక బోటులో నెల రోజులు అడుగు పలకల్ని అనుమానించి, చివరికి అది ఐసు నీరని తెలుసుకున్నవాళ్లను నేనెరుగుదును.

నీరు కారిన చోట నిలవదు, పల్లానికి పోతుంది. ముందు భాగంలో కారింది ఇంజను కింద కనిపిస్తుంది. అందుకని గదుల మధ్య నీరు పారే రంధ్రాలను గుడ్డ పీలికలతో మూసి, ఏ గది ముందుగా తడుస్తోందో చూడాలి. ఆ గదిలో ముగ్గుపిండి పలచగా చల్లి టార్చిలైటు పట్టుకుని కూర్చుంటే, వెంట్రుకంత నీటి జాడ కూడా బయటపడుతుంది. ఆ జాడ పట్టుకుని పైకి వెళ్లటమే మిగిలిన పని.

ఇంజను నుంచి బయటి పంకాకు వెళ్లే కడ్డీని షాఫ్టు అంటాము. అది బోటు గోడ దాటే చోట నీరు రాకుండా ఆపే బిగింపే గ్లాండు. ఇంజను ఆపి ఉండగానే కారితే షాఫ్టు గ్లాండు, చుక్కాని గ్లాండు, నీటి వాల్వులు, పలకల సందులు చూడాలి. ఇంజను వేశాకే కారితే దాన్ని చల్లబరిచే నీటి పంపు సీలూ గొట్టాలూ చూడాలి. గేరు వేశాక మాత్రమే ఎక్కువగా వస్తే షాఫ్టు వణుకుతోందేమో చూడాలి. పాతరకం గ్లాండులో బోటు నడిచేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు రాలాలి. ఆ నీరే షాఫ్టును చల్లగా ఉంచుతుంది. ఆ చుక్కలు కూడా కనిపించకూడదని నట్లు బిగదీసేవారున్నారు. గ్లాండులో షాఫ్టు చుట్టూ చుట్టే తాడు, అదే ప్యాకింగు, మాడుతుంది, షాఫ్టు అరుగుతుంది, ఆరు నెలలకు చుక్క ధార అవుతుంది. ఎన్ని చుక్కలు పడాలో తెలియని మనిషి ఆ బోటును ఎలా తనిఖీ చేస్తాడు?

ఒక బోటు సంగతి చెప్పి తీరాలి. వేటకు ఖాళీగా వెళ్లేటప్పుడు దాని బిల్జి పొడిగా ఉండేది. నిండుగా తిరిగి వచ్చేటప్పుడు నీరు చేరేది. చేపలు దించేశాక మళ్లీ పొడి. ఒడ్డుకు లాగించి చూసినా చెమ్మ లేదు. యజమాని పలకల సందుల్లో దూది మార్పించాడు, గ్లాండు ప్యాకింగు రెండుసార్లు మార్పించాడు, వేలకు వేలు పోశాడు. చివరికి మా కళాసీ ఒకడు, సంతకం చేయటం కూడా రానివాడు, నిండు బోటు ఇంటిదారి పట్టాక వెనుక భాగంలో బోర్లా పడుకుని చెవి ఆనించి విన్నాడు. డెక్కు కడిగిన నీరు బయటికి పోయే గొట్టం అక్కడ ఉంది. దాని బిగింపు పట్టీ తుప్పు పట్టి తెగిపోయింది. బరువుకు వెనుక భాగం దిగినప్పుడు మాత్రమే ఆ గొట్టం మూతి నీటిలో మునిగేది. కట్టి ఉంచి తనిఖీ చేస్తే అది పదేళ్లకైనా దొరికేది కాదు.

మా బోట్లకు జరిగే తనిఖీ ఎలా ఉంటుందో కూడా చెబుతాను. అధికారి వస్తారు. లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు, నంబరు చూస్తారు, కాగితాలు చూస్తారు. అవన్నీ కావలసినవే. కానీ ఇంజను మూత ఎత్తించి కిందికి దిగిన అధికారులను ఇన్నేళ్లలో ఇద్దరినే చూశాను. వారికి ఇప్పటికీ దండం పెడతాను. యజమానులనూ వెనకేసుకు రాను. లీకుంటే పంపు ఉంది కదా అని మూడేసి నెలలు వేటకు పంపేవారు నాకు తెలుసు.

నదుల సంగతీ అంతే. 1917 నాటి చట్టం తీసేసి 2021లో లోతట్టు నౌకలకు కొత్త చట్టం తెచ్చారు. బిల్జిలోకి దిగే మనుషులను ఎప్పుడు తెస్తారు? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. ఆ ఘోరానికి లీకు కారణమని నేను అనటం లేదు. కానీ ఆ బోటును అక్టోబరు 22న పైకి తీసింది ఎవరు? మా కాకినాడ ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుప తాళ్లతో. పని తెలిసినవాళ్లను బోటు మునిగాక పిలిచారు. మునగకముందు పిలవటానికి ఏం అడ్డు?

ఇది ఓడలు కట్టిన నేల. పక్కనున్న కోరంగిలో ఒకప్పుడు సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారు, దూరాల నుంచి వచ్చిన ఓడలకు మరమ్మతులు చేసేవారు. ఈనాడు డీజిల్ మెకానిక్ చదివి వచ్చే కుర్రాళ్లు ఇంజను చక్కగా విప్పుతున్నారు. గ్లాండు ప్యాకింగును ఏటవాలుగా కోసి, ఒక చుట్టు అతుకు మరో చుట్టు అతుకు మీదికి రాకుండా పెట్టి చూపమంటే దిక్కులు చూస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, నేర్పేవాడు లేడు. పాత వడ్రంగులు ఒక్కొక్కరే పోతున్నారు. వారి దగ్గర కూర్చోబెట్టి నేర్పించాలని ఎవరికీ తోచదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఇంటిపట్టునే ఉంటాయి. తనిఖీ అప్పుడు చేయండి. బిల్జి ఆరబెట్టించి, బోటును ఒక రాత్రి నీటిలో కట్టి ఉంచి, తెల్లవారి ఎన్ని బకెట్లు వచ్చిందో పుస్తకంలో రాయించండి. అరగంట ఇంజను వేయించి, గేరు వేయించి, మళ్లీ చూడండి. తరువాత ఒడ్డుకు లాగించి అడుగంతా సుత్తితో తట్టి చూడండి. పుచ్చిన పలక మోగే తీరే వేరు. నీటిమట్టం కింద ఉన్న ప్రతి గొట్టానికీ తుప్పు పట్టని ఉక్కు పట్టీలు రెండేసి బిగించారో లేదో చూడండి. ఖాళీ బోటును చూసి సరిపెట్టకండి. నిషేధం ఎత్తేశాక మొదటి వేట నుంచి నిండుగా వచ్చే రోజున మరోసారి బోటెక్కండి.

నాకు మోకాళ్లు సహకరించకపోయినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. తనిఖీకి వచ్చే అధికారి ఒక రోజు ముందు రేవులో కబురు పెడితే చాలు. ముగ్గుపిండి, టార్చిలైటు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బోటు డ్రైవరు,
కాకినాడ