మంత్రి గారూ, డ్రాయింగ్ పీరియడ్‌ని డ్రాయింగ్‌కే ఉండనివ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని.

పోయినేడు ఎనిమిదో తరగతి పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లాను. వీరభద్రస్వామి గుడిలో మెడలు నొప్పి పుట్టేదాకా పైకప్పు మీది బొమ్మలు చూశారు. 16వ శతాబ్దపు రంగులవి. నల్లటి అంచు గీత ఎంత ధీమాగా సాగుతుందో, చీరల మీద ఎన్ని రకాల డిజైన్లున్నాయో చూసి పుస్తకాల్లో గీసుకోమన్నాను. దేవుళ్లతో పాటు ఆ గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ కూడా పరివారంతో ఆ బొమ్మల్లో ఉన్నారు. ఒక అమ్మాయి పెన్సిల్ ఆపి అడిగింది: "బొమ్మ ఏయించినోళ్లు బొమ్మలోకి ఎందుకొచ్చినారు సార్?"

తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ ముందు నిలబడి, ఎవరి ఫోటో పెద్దది, ఎవరిది మూలనుంది, డబ్బులెవరు పెట్టారని అదే పిల్ల మిగతావాళ్లకు వివరించింది. నేను అంతకు మించి చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

తర్వాతి వారం అట్టముక్కల్లో అగ్గిపెట్టెంత కిటికీ కోసిచ్చి, అందులోంచి కనబడినంతే గీయమన్నాను. ఒకడు బడి వేపచెట్టు గీశాడు. ఇంకొకడు దాని పక్కనున్న చెత్తకుప్ప గీశాడు. రెండూ ఉన్నవే. పక్కపక్కన అంటించి "ఇందులో మన బడి ఏది?" అని అడిగితే, బెల్లు కొట్టినా వాదన ఆగలేదు.

బొమ్మని ఇలా ప్రశ్నలడుగుతూ చూడటం పెద్దవాళ్లం మాకూ రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో ఒక వరద ఫోటో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరిగింది. అందరం అయ్యో అన్నాం, నేనూ నలుగురికి పంపాను. అందులో దుకాణం బోర్డు మీదున్న అక్షరాలు తెలుగు కావని మర్నాటిదాకా ఒక్కరమూ గమనించలేదు. ఇప్పుడైతే రెండు ముక్కలు టైప్ చేస్తే చాలు, జరగని సంఘటనకు కూడా ఫోటో తయారవుతోంది.

పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. బడిలో మాత్రం నవంబరు వచ్చేసరికి పదో తరగతి డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకు పోతుంది. లెక్కల సార్ మీద నాకు కోపం లేదు, రిజల్ట్స్ టెన్షన్ ఆయనది.

అందుకే అడుగుతున్నాను. వారానికి ఒక్క పీరియడ్, ఏ సబ్జెక్టూ తీసుకోకూడదని ఉత్తర్వు ఇవ్వండి. మాకిచ్చే శిక్షణలో గీయడంతో పాటు పేపర్లో ఫోటోని, గోడమీది ప్రకటనని పిల్లలతో ఎలా చదివించాలో కూడా చేర్చండి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. తోలుకి చిల్లులు పొడిచి, వెలుతురు పడితే నగలు మెరిసేలా చేస్తారు. ఏడాదికి రెండు రోజులు వాళ్లను గౌరవ వేతనంతో బడులకు పిలిపించండి.

లేపాక్షిలో ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. జూన్‌లో పదికి వస్తుంది. టైమ్‌టేబుల్ వేసేలోగా మీ ఉత్తర్వు అందితే ఆ పిల్లకి ఆ పీరియడ్ దక్కుతుంది.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్